మాటలో నీళ్ళెంత?

పాకాల పక్కన మా మేనత్త వాళ్ళ ఊళ్ళో పాలకేంద్రం పొద్దున ఐదున్నరకంతా తెరుస్తారు. వాన మొహం చాటేసినా, మామిడికి ధర లేకపోయినా మా వైపు ఇళ్ళను నిలబెట్టేది పాడే. అందుకే ఆ వేళకి ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అక్కడే ఉంటారు. క్యాన్లు వరసలో పెట్టి, చెంగు నిండా కప్పుకొని నిలబడతారు. కేంద్రం పిల్లోడు ఒక్కొక్కరి పాలు చిన్న గ్లాసులో పోసి మిషను దగ్గర పెడతాడు. ఫ్యాట్ ఎంత, నీళ్ళెంత కలిసిందీ అంకెల్లో వచ్చేస్తుంది. చీటీ చించి ఇస్తాడు. మనిషికో నిమిషం. నలభై మందికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో, నిలబడిన చోటు నుంచి ఎవరూ కదలకుండానే ఊరంతా ఒక చుట్టు తిరిగొస్తుంది.

సంక్రాంతికి పోయినప్పుడు అత్త వెంట క్యాను మోసుకొని నేనూ పోయినా.

"కొత్త మిద్దె వాళ్ళ కోడలు పుట్టింటికి పోయి నెల దాటె గదక్కా. ఇంగా రాలేదే" అంది ఒకామె.

"వచ్చేదానికి పోయిందా ఏంది?" అంది ఇంకొకామె.

మూడో ఆమె గొంతు తగ్గించింది. గొంతు తగ్గేసరికి వరస దగ్గరికి జరిగింది. సరిగ్గా అప్పుడే కొత్త మిద్దె అత్తగారు క్యాను చంకన పెట్టుకొని మలుపు తిరిగింది. మాట టక్కున తెగింది.

"రా వదినా, ఈ పొద్దు మంచు ఎక్కువగా ఉండాదే" అన్నారెవరో.

ఆమె నవ్వింది గానీ కళ్ళు ఎవరివైపూ తిప్పలేదు. తన గురించేనని ఆమెకి తెలిసిపోయింది. ఒకరు తిట్టింది లేదు. చెప్పిన దాంట్లో అబద్ధం ఉందో లేదో నాకు తెలీదు, ఉండకపోవచ్చు కూడా. అయినా మాట తెగిన ఆ క్షణంలో అక్కడున్న అందరికీ ఏదో తప్పు చేసినట్టే అనిపించింది, నాతో సహా. ఆ అనిపించడం నిజమా, లేక ఊరికే మొహమాటమా? మనిషి లేనప్పుడు ఆ మనిషి గురించి మాట్లాడుకోవడం తప్పేనా? ఈ ప్రశ్నకు రెండు వైపులా గట్టి జవాబులున్నాయి. రెండిటికీ సాక్షులు మా చిత్తూరు, తిరుపతి నేలలోనే ఉన్నారు.

తప్పే అనే వాళ్ళ మాట ముందు విందాం.

గుర్రంకొండ పక్కన తరిగొండ ఉంది. 18వ శతాబ్దంలో ఆ ఊళ్ళో వెంగమాంబ అనే అమ్మాయి ఉండేది. చిన్నతనంలోనే పెళ్ళయింది, మొగుడు పోయాడు. ఆ కాలపు ఆచారం ప్రకారం తల గొరిగించుకోవాలి, పూలూ బొట్టూ తీసేయాలి. ఆమె తీయలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అంది, గుళ్ళో కూర్చొని ధ్యానం చేసింది, పద్యాలు కట్టింది. ఇక ఊరికి కావలసినంత పని దొరికింది. ఒంటరిది గుళ్ళో అంతసేపు ఏం చేస్తుంది, పూలు ఎవరి కోసం పెట్టుకుంటుంది, బుద్ధి సరిగా ఉందా లేదా. ఆ గుసగుసలే పెరిగి పెద్దవై పీఠాధిపతి ముందు పంచాయితీ దాకా పోయాయని ఆమె కథ చెప్పే వాళ్ళు చెబుతారు. చివరికి ఆమె ఊరు విడిచి తిరుమల చేరింది. ఆ కొండ మీదే "వేంకటాచల మాహాత్మ్యం" రాసిన కవయిత్రిగా నిలిచింది. ఈ రోజు కొండ మీద వేల మంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే. రాత్రి ఏకాంత సేవలో ఇచ్చే ముత్యాల హారతి ఆమె సంప్రదాయంగా వస్తున్నదే.

ఇక్కడ చాలా మంది కథ ముగించి, చూశారా నింద వేసిన వాళ్ళు మట్టిలో కలిశారు, ఆమె నిలిచింది అంటారు. నాకు ఆ ముగింపు మీద నమ్మకం లేదు. పద్యం కట్టగలిగింది కాబట్టి వెంగమాంబ మనకు తెలిసింది. పద్యం రాని వెంగమాంబలు ఎంతమంది? ఊరి మాట పడలేక బావి చూసుకున్న వాళ్ళు, పుట్టింటి వసారాలో తలొంచుకొని బతుకంతా గడిపిన వాళ్ళు? వాళ్ళ పేర్లు కూడా నింద వేసిన వాళ్ళ పేర్లతో పాటే పోయాయి. ఆమె మీద ఏ నేరమూ రుజువు కాలేదు, ఎందుకంటే నేరమనేదే లేదు. నలుగురిలాగా లేకపోవడమే ఆమె చేసింది. వెనకాల మాటకు సాక్ష్యం అక్కర్లేదు, తీర్పు అక్కర్లేదు, శిక్ష మాత్రం నేరుగా పడుతుంది.

రెండో సాక్షి మదనపల్లెలో పుట్టాడు. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చెప్పిన మాటలతో 1954లో వచ్చిన "ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్" పుస్తకంలో సరిగ్గా ఈ ప్రశ్నే ఉంది. అడిగిన మనిషి గడుసువాడు. ఊసులాడుకోవడం వల్ల ఎదుటివాళ్ళ సంగతి తెలుస్తుంది, మన సంగతీ తెలుస్తుంది, తరతరాలుగా దాన్ని తిడుతున్నారని నేనెందుకు భయపడాలి అని అడిగాడు. కృష్ణమూర్తి ఊసులాడేవాళ్ళను తిట్టలేదు. అసలు ఎందుకు ఊసులాడతామో చూడమన్నాడు. కుదురు లేని మనసుకు ఏదో ఒక పని కావాలి, తనలోకి చూసుకోవడం కష్టం కాబట్టి పక్కవాళ్ళ ఇంట్లోకి చూస్తుంది అన్నది ఆయన జవాబు సారం. అంటే ఈ లెక్కన నష్టం కొత్త మిద్దె వాళ్ళకే కాదు, వరసలో నిలబడిన మాకూ ఉంది. నలభై నిమిషాలు మా ఇంటి సంగతి మాకు గుర్తు రాలేదు గదా!

ఈ రెండూ బలమైన వాదనలే. మతాలూ ఇటువైపే నిలబడ్డాయి. గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపద అని చెప్పిన గుణాల్లో అపైశునం, అంటే చాడీలు చెప్పకపోవడం, ఒకటి. ఇస్లాంలో దీన్ని గీబత్ అంటారు. ఉన్న నిజమే చెప్పినా సరే, ఆ మనిషికి నచ్చనిది చాటున చెబితే అది గీబతే. అబద్ధమైతే అది ఇంకా పెద్ద పాపం, దాని పేరే వేరు. "నేను నిజమే కదా చెప్పింది" అని తప్పించుకునే దారిని అక్కడ మొదట్లోనే మూసేశారు.

ఇప్పుడు రెండో పక్క.

పెళ్ళి కాలంలో మా వైపు ఏ ఊరికి పోయినా ఒక దృశ్యం కనిపిస్తుంది. పది గంటల బస్సులో తెల్లచొక్కాల వాళ్ళు ఇద్దరు దిగుతారు. పిల్లోడి ఇంటికి పోరు. నేరుగా టీ అంగడికి పోయి రెండు టీలు చెప్పి, వానల గురించి, బెల్లం ధర గురించి మాట కదిపి, ఆ తర్వాత తీరిగ్గా అడుగుతారు. "ఫలానా వాళ్ళు మీ ఊరోళ్ళేనంట గదన్నా? పిల్లోడు ఎట్లాంటోడు?" అక్కడి నుంచి మంగలి అంగడికి, అక్కడి నుంచి వడ్లమిషను దగ్గరికి. విచారించుకోవడం అంటారు దీన్ని. ఆస్తి ఎంతో పత్రాల్లో చూసుకోవచ్చు. చదువెంతో సర్టిఫికెట్లో ఉంటుంది. తాగుతాడా, తాగితే చెయ్యి లేస్తుందా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. అది ఊరి నోట్లోనే ఉంటుంది. లేని మనిషి గురించి మాట్లాడకూడదని ఊరంతా ఒట్టు పెట్టుకుంటే, ఆ ఇద్దరూ టీ తాగి వెనక్కి పోవాల్సిందే.

ఒకసారి ఆ టీ అంగట్లో నేనున్నా. చాలా ఏళ్ళ కిందటి మాట. వాళ్ళడిగిన పిల్లోడు నాకు తెలిసినోడు. సాయంత్రమైతే వాడెట్లా ఉంటాడో కూడా తెలుసు. "నాకెందుకులే, ఒకరి బతుకు మీద నేనెందుకు నోరు చేసుకోవాల" అనుకొని, "మంచోళ్ళేనన్నా, ఇబ్బందేం లేదు" అన్నా. నాకు నేను చాలా మర్యాదస్తుడిలా కనిపించా ఆ పూట. పెళ్ళి జరిగింది. మూడేళ్ళకు ఆ అమ్మాయి చంకలో బిడ్డతో, విరిగిన చేత్తో పుట్టింటికి పోయింది. ఎవరి గురించీ వెనకాల చెడ్డ మాట అనలేదనే పుణ్యం నాకు దక్కింది. దాని ఖర్చు ఆమె కట్టింది.

కాబట్టి వెనకాల మాట ఒక్కోసారి కాపలా. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఎదురుగా చెప్పొచ్చు కదా అనేవాళ్ళు, ఎదురుగా చెప్పే స్తోమతు అందరికీ ఉందనుకుంటారు. పాలెగాడిని చంపిన తిరుపతి గంగమ్మ కథ తెలిసిన వాళ్ళకు ఈ మాట చెప్పక్కర్లేదు. కంటికి కనిపించిన ఆడపిల్లనల్లా చెరబట్టే పాలెగాడి మొహం మీద నిలబడి, నువ్వు చేసేది తప్పు అని ఏ ఇల్లాలు అనగలదు? వాడు ఎటు వస్తున్నాడు, ఏ వీధి దాటాలి, ఏ పిల్లను లోపల దాచాలి అన్నది గుసగుసల్లోనే నడిచి ఉండాలి. ఇప్పటికీ అంతే. ఆఫీసులో పైఅధికారి చూపు మంచిది కాదని కొత్తగా చేరిన అమ్మాయికి పాత ఉద్యోగిని క్యాంటీన్లో చెప్పే మాట చాడీ అవుతుందా? జేమ్స్ స్కాట్ అనే పరిశోధకుడు మలేసియాలో ఒక వరి పల్లెలో ఉండి 1985లో "వెపన్స్ ఆఫ్ ది వీక్" రాశాడు. అక్కడ ఊరంతా ఆడిపోసుకునే ఒక వడ్డీ భూస్వామి ఉంటాడు. ఆయన ముందు అందరూ వంగి మాట్లాడతారు, వెనక్కి తిరగ్గానే ఆయన పిసినారితనం కథలుగా పాకుతుంది. పేదవాళ్ళ చేతిలో ఉన్న ఒక రకమైన ఓటు అది అంటాడు స్కాట్ దాదాపుగా. ఉన్నవాడు లేనివాడి గురించి మాట్లాడాలంటే చాటు అక్కర్లేదు, నేరుగానే అంటాడు. చాటు కావలసింది లేనివాడికి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మనం అనుకున్నంత విషం మన ఊసుల్లో లేదు. 2019లో రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 467 మంది మాటలు చిన్న రికార్డర్లతో వింటే, ఎదుట లేనివాళ్ళ గురించి మనిషి సగటున రోజుకు 52 నిమిషాలు మాట్లాడుతున్నాడని తేలింది. అందులో ముప్పాతిక భాగం మంచీ కాదు, చెడ్డా కాదు. ఫలానా వాళ్ళమ్మాయికి కాన్పయింది, ఫలానాయన బెంగుళూరుకి పోయాడు, ఇట్లాంటివే. మా పాలకేంద్రంలోనూ అంతే. ఎవరింట్లో ఆవు ఈనింది, ఎవరికి జ్వరం వచ్చింది అన్నది ఆ వరసలో తెలిసి, సాయంత్రానికి ఒకరింటి నుంచి ఇంకొకరింటికి గంజి పోతుంది. ఊరి నోరు పూర్తిగా మూతపడితే ఆ గంజీ ఆగిపోతుంది.

ఇంతవరకూ చూస్తే తూకం రెండో వైపుకు మొగ్గినట్టుంది. కానీ మొదటి పక్షం వాళ్ళకి తిరిగి చెప్పే జవాబుంది.

నేను టీ అంగట్లో నోరు మూసుకున్న కథ చెప్పా. వేరేవాళ్ళు నోరు తెరిచిన కథ కూడా చెప్పాలి. మా చుట్టాల్లోనే ఒక అమ్మాయి. ఇంటర్ చదివేటప్పుడు శనివారం ఒక్కపొద్దుండి, మిట్టమధ్యాహ్నం బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయింది. చూసినోళ్ళు ముగ్గురు. ఊళ్ళోకి వచ్చేసరికి ఆ పడిపోవడం ఫిట్స్ అయింది. ఇంకో వీధికి పోయేసరికి నోట్లో నురగ కూడా వచ్చింది. ఆమెకి ఒక సంబంధం వచ్చి వెనక్కి పోయింది, రెండోది పోయింది. మూడోది తాంబూలాల దాకా వచ్చి ఆగినప్పుడు గానీ ఇంట్లో వాళ్ళకు కారణం తెలీలేదు. విచారించుకోవడానికి వచ్చినవాళ్ళకు టీ అంగట్లో ఈ సంగతి చెప్పినవాళ్ళలో ఏ ఒక్కరికీ ఆమె మీద పగ లేదు. అందరూ "పాపం, రేపు పిల్లోడి జీవితం నాశనమైపోతుందే" అనే చెప్పారు. నాకు లేకపోయిన ధైర్యం వాళ్ళకుంది. నేను చేయాల్సిన పనే వాళ్ళు చేశారు. తేడా ఒక్కటే, నాకు తెలిసింది చెప్పలేదు, వాళ్ళకు తెలియంది చెప్పారు.

అదే ఇక్కడి చిక్కు. "నీ మంచికే చెప్తా ఉండా" అనే మాటతో మొదలుకాని చాడీ లోకంలో లేదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో తిరిగిన మెసేజీలు కూడా జాగ్రత్త చెబుతున్నట్టే వచ్చాయి. మాకు పొరుగున తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి వచ్చి దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక పెద్దామెను ఆ జాగ్రత్తే కొట్టి చంపింది. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఊరి నోటికి కంపెనీ వాళ్ళు మూకుడు పెట్టాల్సి వచ్చిన రోజు అది.

మంచికి పుట్టిన మాట మెడకు ఉరిగా మారడం అప్పుల విషయంలోనూ చూశాం. పొదుపు సంఘాల్లో అప్పు పుట్టేది ఆస్తి చూసి కాదు, పరువు చూసి. పది మంది ఒకరికొకరు పూచీ. ఎవరు కడతారు, ఎవరు ఎగ్గొడతారు అన్నది ఆ పది మంది చాటుమాటుగా చెప్పుకునే దాన్ని బట్టే తెలుస్తుంది, బ్యాంకుకు పైసా ఖర్చు లేకుండా. బాగానే ఉంది. అదే మాటను వారం వారం వసూలుకు వాడుకున్న సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాక, కట్టలేని మనిషి పేరు వీధిలో నానబెట్టడమే వసూలు పద్ధతి అయింది. పరువు పోయి ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు పేపర్లలో వరసగా వచ్చి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మాట అదే, మనుషులూ వాళ్ళే. ఎవరి అవసరానికి వాడారు అన్నదే మారింది.

అయితే గీత ఎక్కడ గీయాలి? ఆశ్చర్యంగా, చట్టమూ మతాలూ దాదాపు ఒకేచోట గీశాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో 499వ సెక్షన్ పరువునష్టాన్ని నేరమంది, పది మినహాయింపులు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 356వ సెక్షన్. రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఉట్టి నిజమైనంత మాత్రాన అక్కడ చెల్లదు, అది జనం మేలుకు కూడా అయ్యుండాలి. పదో మినహాయింపు మాత్రం చదివితే నాకు మా టీ అంగడే కనిపించింది. వినేవాడి మేలు కోసం, మంచి మనసుతో ఒకరి గురించి హెచ్చరిస్తే అది నేరం కాదు. ఇస్లాంలో గీబత్‌ను అంత గట్టిగా నిషేధించిన చోటే, 13వ శతాబ్దపు పండితుడు నవవీ ఆరు సందర్భాల్లో చెప్పొచ్చన్నాడు. పెళ్ళి సంబంధం గురించి సలహా అడిగితే చెప్పడం అందులో ఉంది. యూదుల్లో ఇస్రాయెల్ మేయిర్ కగాన్ అనే పండితుడు 1873లో ఒక పుస్తకమంతా నాలుక పాపాల మీదే రాశాడు. అక్కడా పెళ్ళికీ వ్యాపారానికీ దారి వదిలాడు గానీ షరతులు గట్టివి. నువ్వే చూసి ఉండాలి, పెంచకూడదు, వేరే దారి ఉంటే అది పట్టాలి, జరిగే నష్టం ఆ మనిషి చేసినదానికి మించకూడదు.

అంటే వినేవాడికి అవసరం ఉందా, చెప్పేవాడు కళ్ళారా చూశాడా. ఈ రెండు ప్రశ్నలు అడిగితే చాలా వరకు తేలిపోతుంది. టీ అంగట్లో నేను చెప్పి ఉండాల్సింది. బస్టాండు సంగతి వాళ్ళు చెప్పకుండా ఉండాల్సింది. పాలకేంద్రంలో నిలబడిన మాలో ఎవరికీ కొత్త మిద్దె కోడలి సంగతితో అవసరం లేదు.

కానీ నాకు ఇది చాలదనిపిస్తుంది. ఎందుకంటే ఈ షరతులన్నీ చెప్పేవాడి మీద, వినేవాడి మీద ఉన్నాయి. మాట పడే మనిషి ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఫిట్స్ అమ్మాయికి నిజంగా జరిగిన అన్యాయం, ఆమె గురించి మాట్లాడడం కన్నా, "కాదు, ఆ పొద్దు ఒక్కపొద్దున్నా, అంతే" అని చెప్పుకునే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వకపోవడం. మొహం మీద అన్న మాటకు నోటితో జవాబు చెప్పొచ్చు. వీపు వెనక అన్న మాటకు చెప్పలేం, వీపుకు నోరు లేదు. కృష్ణమూర్తికే ఇది తప్పలేదు. ఆయన 1986లో పోయాడు. 1991లో రాధా రాజగోపాల్ స్లాస్, తన తల్లికీ ఆయనకూ ఏళ్ళ తరబడి నడిచిన రహస్య అనుబంధం గురించి పుస్తకం రాసింది. అది ఆమె సొంత ఇంటి కథ, చెప్పుకునే హక్కు ఆమెకుంది. ఆయన శిష్యులు దాన్ని చాడీ అన్నారంటే అదీ అర్థమవుతుంది. ఆయన జీవిత చరిత్ర రాసిన మేరీ లట్యెన్స్ 1996లో ఇంకో పుస్తకంతో బదులిచ్చింది. జవాబు వచ్చింది గానీ, చెప్పాల్సిన మనిషి నోటి నుంచి రాలేదు.

జవాబు చెప్పుకునే చోటు కావాలని మా జిల్లా జనం ఎప్పుడో కనిపెట్టారు. చిత్తూరుకి దగ్గర్లోనే కాణిపాకం ఉంది. దొంగతనం అంటగట్టినా, నడత మీద మాట పడినా, బాకీ ఎగ్గొట్టావన్నా, "కాణిపాకంలో ప్రమాణం చేస్తా రా" అంటాడు మనిషి. కోనేట్లో మునిగి, తడి బట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ఒట్టేస్తే ఇక ఊరు నోరు మూసుకోవాలి. అబద్ధపు ఒట్టేస్తే స్వామి చూసుకుంటాడు. ఆ క్షేత్రం కథలో ముగ్గురు అన్నదమ్ములుంటారు, ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవుడు. బావి తవ్వుతుంటే విగ్రహం బయటపడి ముగ్గురికీ అవిటితనం పోయిందంటారు. నాకు ఆ కథ వెనకాల మాట గురించే అనిపిస్తుంది. చూసినవాడు చెప్పడు, చెప్పేవాడు చూడలేదు, పడేవాడికి వినబడదు. ముగ్గురూ ఒకచోట చేరి తవ్వితే గానీ నిజం బయటికి రాదు.

కాణిపాకాన్ని మరీ ఎత్తాల్సిన పని కూడా లేదు. ప్రమాణంలో బరువంతా మాట పడ్డవాడి మీదే. నింద వేసినవాడు ఒడ్డున నిలబడి చూస్తాడు, మునిగేది ఇతనే. వినాయక చవితి నాడు ప్రతి ఇంట్లో చదివే శమంతకమణి కథలోనూ అంతే. నీలాపనింద పోగొట్టుకోవడానికి సాక్షాత్తూ కృష్ణుడే అడవి పట్టుకొని పోయి, గుహలో జాంబవంతుడితో రోజుల తరబడి యుద్ధం చేసి మణి తెచ్చివ్వాలి. సత్రాజిత్తు ఇంట్లో కూర్చొని ఒక మాట అన్నాడు, అంతే. కృష్ణుడికి ఆ బలం ఉంది. వయసు మీదపడిన అత్తగారికి, ఇంటర్ పిల్లకి అది ఉంటుందా? పైగా ఇప్పుడు కాణిపాకం సవాలు రాజకీయ నాయకుల నోట్లో పడి, కెమెరాల ముందు విసురుకునే మాటగా కూడా మారిపోయింది.

రెండో చోటు తిరుపతిలోనే ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం. ఏడాదంతా అణిగి ఉన్న నోరు ఆ రోజుల్లో వీధిలోకి వస్తుంది. బండ వేషం కట్టినోడు ఎదురొచ్చినోడిని బూతులు తిడతాడు. తిట్టించుకున్నవాడు పెద్దమనిషైనా సరే, నవ్వి తలొంచాల్సిందే. మామూలు రోజుల్లో వెనకాల గొణుక్కునేది ఆ రోజు మొహం మీదే. పాలెగాడి మీద పుట్టిన కోపానికి ఊరు కట్టిన గట్టు ఇది అనుకుంటా. దొర వేషంలో వాడి తల తెగుతుంది. ఆ తర్వాత నాకు బాగా నచ్చిన ఘట్టం వస్తుంది. మాతంగి వేషం. పాలెగాడిని చంపిన అమ్మవారే, మొగుడు పోయిన అతని పెళ్ళాన్ని ఓదార్చడానికి పోతుంది. పాలెగాడి తప్పు పాలెగాడిదే. ఆ ఇంట్లో ఇంకొకామె ఉంది, ఆమె ఎదుట నిలబడి మాట్లాడాలి అని మా పెద్దవాళ్ళకు తోచింది.

రెండు వైపులూ తూచి చూశాక నాకు తేలింది ఇంతే. వెనకాల మాట మానేయమనడం జరిగేది కాదు, జరిగినా దానివల్ల ముందు నష్టపోయేది బలం లేనివాళ్ళు. పైనున్నవాడి గురించి కిందున్నవాళ్ళు చాటుగా చెప్పుకునే మాటకు నేను అడ్డం చెప్పను. వాడికి జవాబు చెప్పుకునే నోళ్ళు చాలా ఉన్నాయి. కింద ఉన్న మనిషి గురించి, ఒంటరి గురించి, ఆడపిల్ల నడత గురించి, రోగం గురించి చెప్పే మాట దగ్గర మాత్రం ఆగాలి. అక్కడ నిజమైనంత మాత్రాన చాలదు. అడిగినవాడికి అవసరం ఉండాలి, నేను చూసి ఉండాలి, ఆ పైన "ఒకసారి ఆ పిల్లనే అడగండి" అని దారి చూపించాలి. ఆ చివరి మాట చెప్పలేకపోతే ముందు మాటలు కూడా మింగేయడమే మేలు. ఇది కూడా సులువైన నియమమేం కాదు. టీ అంగట్లో ఆ రోజు నాకు తెలిసింది చెప్పి, "వాడినే అడగండి" అని ఉంటే, వాడు నా ఇంటి మీదికి వచ్చుండేవాడు. వచ్చుండాల్సింది.

ఆ పొద్దు పాలకేంద్రంలో కొత్త మిద్దె అత్తగారి వంతు వచ్చింది. పిల్లోడు పాలు గ్లాసులో పోశాడు. అంకెలు వెలిగాయి. చీటీ తీసుకొని ఆమె తిరిగి పోబోతుంటే మా అత్త అడిగింది, అందరికీ వినపడేటట్టే.

"వదినా, కోడలు పిల్ల ఎట్లుండాది? నెలపైనాయె పోయి."

వరసంతా మిషను వైపు చూస్తా నిలబడింది.

"కడుపు నిలవలేదు వదినా, ఈ తూరి గూడా" అంది ఆమె. "మంచం దిగొద్దన్నారు డాక్టరమ్మ. వాళ్ళమ్మ దగ్గరుంటే కుదుట పడతాదని పంపినా."

మూడో ఆమె క్యాను మూత తీసి మళ్ళీ పెట్టింది. ఎవరో "అయ్యో తల్లీ" అన్నారు. మా అత్త క్యాను ముందుకు జరిపింది. పాలల్లో నీళ్ళెంతో చెప్పేదానికి మా అత్త వాళ్ళ ఊళ్ళో మిషనుంది. మాటలో నీళ్ళెంతో తెలియాలంటే మాత్రం ఆ మనిషినే అడగాల్సి వచ్చింది.